సర్వర్లో తువ్వాలు

క్రషింగు మొదలైన దగ్గర్నుంచీ, చోడవరం పక్కనున్న ఆ ప్రైవేటు చక్కెర మిల్లులో సర్వరు రోజూ పొద్దెక్కేసరికి చేతులెత్తేస్తోంది. కాటా గదుల్లోని కంప్యూటర్ల నుంచి చెరకు తూకాలన్నీ దాన్లోకే చేరాలి. అది మూగబోతే కాటా ఆగుతుంది, బళ్లు రోడ్డు దాకా బారులు తీరతాయి, చెరకు ఎండి తూకం తగ్గుతుంది. అప్పుడు రైతులు మేనేజరు పూర్వీకులందర్నీ పేరుపేరునా తలుచుకుంటారు.

మేనేజరు వేంకటరమణమూర్తి ఏదో పత్రికలో సర్వర్ల మీద దాడుల గురించి చదివాడు. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు.

“ఎవడో ఫోను లైను మీంచి దాడి చేస్తన్నాడు. రేపు కూడా ఆగిందంటే మళ్లీ కాగితాలకే పోతాం నస్రీన్. నీకిక్కడ పనుండదు.”

అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే నస్రీన్‌ది సీజను వరకే ఉద్యోగం. పర్మనెంటు చేస్తారన్న ఆశతో ఆ సర్వరును కంటికి రెప్పలా చూసుకుంటోంది.

మధ్యాహ్నమంతా కూర్చుని సెట్టింగులు బిగించింది. సర్వరు ఒకేసారి కొందరికే చోటివ్వగలదు. ఊరికే వచ్చి కూర్చున్నవాళ్లతో నిండిపోతే పనున్నవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. అందుకని అక్కర్లేని దారులు మూసేసింది. మాటా పలుకూ లేని కనెక్షను కాసేపట్లో దానంతటదే తెగిపోయేలా పెట్టింది. ఒక్కో కంప్యూటరుకు రెండుకు మించి చోటు లేకుండా చేసింది. తర్వాత, అంతదాకా ఊరికే కూర్చున్నదెవరా అని చూస్తే, బయటివాడెవడూ లేడు. ఆ కనెక్షన్లన్నీ కాటా గదులవే.

వెళ్లి అడిగితే, మొదటి కాటా ఆపరేటరు పరదేశి నవ్వేశాడు.

“బళ్లు రాకముందే సర్వర్లో నాలుగు సీట్లు ఆపేస్తానమ్మా. ఒకటి పోయినా ఇంకోటుంటాది. మిగతా కాటావోళ్లకీ నానే సెప్పేను.”

సీట్లు ఆపడం అతనికి అలవాటే. సాయంత్రం బస్టాండుకు ముందుగా పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలు పడేసి నస్రీన్‌కు రోజూ సీటు ఆపేది కూడా అతనే. సర్వరు ఆగినకొద్దీ అందరూ భయపడి మరిన్ని సీట్లు ఆపారు. ఆపినకొద్దీ అది ఆగింది.

మర్నాడు సర్వరు ఆగలేదు. బళ్లు వచ్చినవి వచ్చినట్టు కదిలాయి. కానీ మేనేజరు అప్పటికే డైరెక్టర్లకు దాడి అని చెప్పేశాడు.

“దాడి చేసింది ఎవరు?”

“దాడేం లేదు సార్. సెట్టింగులు సరిచేశాను.”

“అయితే ఇన్నాళ్లూ తప్పు నీదేనన్నమాట.”

ఉన్న ఉద్యోగమూ పోతుందన్న భయంతో నస్రీన్ పరదేశి పేరు చెప్పింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, సాయంత్రానికి పరదేశిని పనిలోంచి తీసేశారు.

ఆమె బస్టాండుకు వెళ్లేసరికి బస్సు కిక్కిరిసి ఉంది. ఎప్పటి సీట్లోనే తువ్వాలు ఉంది. పక్కన పరదేశి నిలబడి ఉన్నాడు. నస్రీన్ మెట్టు మీదే ఆగిపోయింది.

“కూకోండమ్మా.”

కూర్చుంది. బస్సు ఊరు దాటాక అతనే అడిగాడు.

“నిన్ననే అదేదో బిగించేసేరు కదా. ఇంక నాను వంద సీట్లు ఆపినా ఏటీ అవదు కదా?”

“అవదు.”

“మరి నా పేరెందుకు సెప్పేరు?”

తుమ్మపాలలో అతను దిగే చోటు వచ్చింది. పరదేశి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“రేపట్నించి నాను రాను. సీటు మీరే సూసుకోండమ్మా.”