బూ అనాల్సిన పేజీ

బాలత్రిపురసుందరికి జోల తప్ప వేరే రాగం రాదు. అమలాపురంలో పద్దెనిమిదేళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన మనిషి. ఎక్కాలు కూడా ఆవిడ నోట జోలగానే వచ్చేవి. మూడో ఎక్కం పూర్తయ్యేసరికి సగం క్లాసు గుర్రుపెట్టేది. హెడ్మాస్టరు వీరభద్రరావు గారు ఎన్నిసార్లు చీవాట్లు పెట్టినా, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా.

కెనడాలోని స్కార్‌బరో వచ్చి రెండేళ్లయింది. భర్త శంకర్ ఆఫీసుకీ, కొడుకు దీక్షిత్ హైస్కూలుకీ వెళ్లిపోయాక ఆవిడకి తన చేతులు తనకే బరువనిపించేవి. ఇక్కడ ఏ తల్లీ బిడ్డను తెచ్చి ఆ చేతుల్లో పెట్టదు. ఆ వెలితి ఆవిడని లోలోపల తినేస్తోంది. మూడు డేకేర్లు ఇంటర్వ్యూ చేసి పంపేశాయి. ఇది నాలుగోది. సూపర్‌వైజర్ డోరీన్ హాలోవీన్ అనే దెయ్యాల పండగ మీద ఒక అట్టపేజీల పుస్తకం చేతికిచ్చి, ఆ పండగనాటి పొద్దున రెండేళ్ల పిల్లలకు చదివి వినిపించమంది. పదకొండింటికి పిల్లలంతా వేషాలతో ఊరేగాలి. అంతకుముందే వాళ్లకి హుషారెక్కించాలి. అది చూసి ఉద్యోగం సంగతి తేలుస్తానంది.

పేజీకి రెండు లైన్లు, రెంటి చివరా ప్రాస. గుమ్మడికాయ పళ్లికిలిస్తుంది, గబ్బిలం టోపీ పెట్టుకుంటుంది, నల్లపిల్లి చందమామని నాకుతుంది. ఆఖరి పేజీలో దుప్పటి కప్పుకున్న దెయ్యం తలుపుచాటు నుంచి "బూ!" అంటుంది.

"ఇట్స్ నాట్ ఎ లల్లబై, అమ్మా. యూ హావ్ టు స్కేర్ దెమ్," అన్నాడు దీక్షిత్. వారం పాటు ఆవిడ పోపు వేస్తూ బూ అంది, బట్టలు మడతపెడుతూ బూ అంది. శంకర్ రెండుసార్లు కాఫీ ఒలకబోసుకున్నాడు.

ఆ పొద్దున సన్నగా వాన. డేకేర్ కిటికీల్లో నారింజరంగు దీపాలు తడిసిన అద్దంమీద కరిగిపోతున్నాయి. హీటర్ వెచ్చగా గుర్రుమంటోంది. తివాచీ మీద నలుగురు తేనెటీగలు, ఇద్దరు గుమ్మడికాయలు, ఒక డైనోసార్. వాళ్లకి దూరంగా, తలుపు దగ్గర, ఎనిమిదో పిల్ల ఫెయిత్. చేరి మూడు వారాలైనా వాళ్లమ్మ స్కార్ఫ్ పట్టుకుని అక్కడే నిలబడుతుందట. కూర్చోదు, కునుకు తీయదు, ఎవరి ఒళ్లోకీ రాదు. డోరీన్ మంత్రగత్తె టోపీ పెట్టుకుని, మార్కులు వేసే కాగితం చేత్తో పట్టుకుని చిన్న కుర్చీలో కూర్చుంది.

మొదటి పేజీ బాలత్రిపురసుందరి బాగానే గట్టిగా చదివింది. రెండో పేజీలో గబ్బిలం ప్రాస నాలుకకి తగిలింది. మూడో పేజీకి ఆవిడ చెయ్యి దానంతటదే తొడమీద జోకొట్టడం మొదలుపెట్టింది. తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయింది. ఇంగ్లీషు మాటలు మెత్తబడి, సాగి, ఊగాయి. గబ్బిలం రెక్కలు ముడుచుకుంది. నల్లపిల్లి చందమామ మీద చుట్టచుట్టుకుంది. తేనెటీగలు ఒకదానిమీద ఒకటి వాలాయి, గుమ్మడికాయలు దొర్లాయి, డైనోసార్ తోక నోట్లో పెట్టుకుని కళ్లు మూసింది. గది మొత్తం గోదారి మీద పడవలా ఊగుతున్నట్టుంది. డోరీన్ టోపీ ముక్కు మీదికి జారింది.

ఏ పేజీలో వచ్చిందో తెలియదు, ఫెయిత్ ఒళ్లో ఉంది. స్కార్ఫ్ చివర బాలత్రిపురసుందరి వేలికి చుట్టుకుని ఉంది. రెండేళ్ల తర్వాత ఆ చేతులకి పని దొరికింది.

ఇక మిగిలింది దెయ్యం పేజీ. ఇప్పుడు అరిస్తే అందరూ లేస్తారు, హుషారుగా ఊరేగుతారు, ఉద్యోగం దక్కవచ్చు. ఫెయిత్ రెప్పలు సగం వాలి ఉన్నాయి.

ఆవిడ పేజీ తిప్పింది. వేడిపాలు ఊదినట్టు, ఆ పిల్ల నుదుటి మీద మెల్లగా "బూ..." అంది. రెప్పలు పూర్తిగా వాలాయి.

పదకొండు దాటాక డోరీన్ ఉలిక్కిపడి లేచింది. టోపీ పైకి నెట్టి గదంతా చూసింది. ఊరేగింపు లేదు. చేతిలో కాగితం తెల్లగా ఉంది. మూడు వారాల్లో మొదటిసారి ఒకరి ఒళ్లో నిద్రపోతున్న ఫెయిత్ మీద ఆమె చూపు ఆగింది. తర్వాత దగ్గరికొచ్చి, సోమవారం నుంచి రాగలరా అని మామూలు గొంతుతోనే అడిగింది.

రెండేళ్లుగా ఎదురుచూసిన ఆ మాట విని కూడా బాలత్రిపురసుందరి తల ఎత్తలేదు. జోకొట్టే చెయ్యి ఆపలేదు. తెలుగులోనే కసిరింది.

"ష్... మెల్లగా అమ్మా. పాప లేస్తుంది."

డోరీన్ చెప్పులు విడిచి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి దీపాలు ఆర్పింది.