దగ్గరి కెమెరా

అక్కను వెంటబెట్టుకుని రావడం ఎంత తెలివితక్కువ పనో లిఫ్టు మెకానిక్‌కి కెమెరాల షాపులో కాలు పెట్టిన ఐదు నిమిషాల్లోనే తెలిసొచ్చింది.

అక్క దర్జీ. కొత్తబట్టలు కుట్టడం తక్కువ, వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం ఎక్కువ. ఏళ్ళ తరబడి ఊరందరి నడుములూ కొలిచిన మనిషి కాబట్టి ఎవరిలో ఏది ఎక్కువో ఏది తక్కువో చూడగానే చెప్పేస్తుంది, అడిగినా అడక్కపోయినా. విడాకులయ్యాక మూడేళ్ళుగా మెకానిక్ ఆమె ఇంట్లోనే, కుట్టుమిషను పక్కగదిలో ఉంటున్నాడు. తమ్ముడికి అన్నం ఎంత ధారాళంగా వడ్డిస్తుందో మాటలూ అంత ధారాళంగానే వడ్డిస్తుంది.

షాపులో అమ్మాయి గాజుబల్ల మీద రెండు కెమెరాలు పెట్టింది. ధరలో పెద్ద తేడా లేదు.

"ఇది డీఎస్ఎల్ఆర్ అండీ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీంతోనే మొదలుపెడతారు. వెలుతురు తక్కువగా ఉన్నా ఫోటో శుభ్రంగా వస్తుంది. కాకపోతే దీంతో ఇచ్చే లెన్సు దూరానికి అందదు. దూరంవి తియ్యాలంటే ఇంకో లెన్సు కొనాలి. ఇదేమో బ్రిడ్జి కెమెరా. లెన్సు మార్చే బాధే లేదు, అరవై రెట్లు జూమ్ అవుతుంది. ఆ ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కా ఉంది చూడండి, దాని గుండీలు లెక్కపెట్టొచ్చు. చీకట్లో మాత్రం ఫోటో కొంచెం గరుకుగా వస్తుంది. ఇంతకీ మీకు దేనికండీ?"

"మా అమ్మాయి నాటకం వేస్తోంది. స్కూల్ వార్షికోత్సవం. హాల్లో."

"మీరు ఎంత దూరంలో కూర్చుంటారు?"

ఇంత చిన్న ప్రశ్నే మెకానిక్‌కి పెద్ద చిక్కు. ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లకు రెండేసి కార్డులు ఇస్తారు. వాటి మీద పేర్లు పిల్లలే తమ చేత్తో రాయాలి. ఆ కార్డులున్నవాళ్ళకే కింద స్టేజి ముందు కుర్చీలు. తక్కిన చుట్టపక్కాలందరూ మెట్లెక్కి పైన బాల్కనీలో కూర్చోవాలి. అతని కూతురికి పదేళ్ళు. పిచ్చుక అని పిలుస్తాడు. పిచ్చుక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ రెండో భర్తకి మందుల షాపుంది. అంటే కార్డులు రెండు, మనుషులు ముగ్గురు. ఎవరి పేరు రాయాలో తేల్చేది ఆ పిల్ల.

కన్నతండ్రి బతికుండగా ఇందులో తేల్చడానికేముంది అనుకున్నాడు మెకానిక్. పగలల్లా అలాగే అనుకునేవాడు. లిఫ్టు పైకప్పు మీద కూర్చుని పట్టాలకు నూనె రాస్తున్నప్పుడు మాత్రం ఆ ధీమా జారిపోయేది. ఆ కార్డు రాకపోతే తను తండ్రి అన్నది కాగితాల్లోనే మిగిలిపోతుందని భయం.

"ముందు వరుసలో," అన్నాడు.

"కార్డు చేతికొచ్చిందట్రా?" అంది అక్క.

"వస్తుంది."

"పిల్లని అడిగావా?"

"తండ్రినే. అడుక్కోవాలా?"

"అడగందే అమ్మైనా పెట్టదురా. సరే, అడక్కు. ఆ దూరందే తీసుకో. అది ముందు కూర్చున్నా పనికొస్తుంది, వెనక కూర్చున్నా పనికొస్తుంది. ఇది ముందు కూర్చుంటేనేగా పనికొచ్చేది?"

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్క మాటలతో వచ్చే చిక్కే అది. షాపు అమ్మాయి తల పక్కకు తిప్పుకుని, అద్దంలా మెరుస్తున్న గాజుబల్లను మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఆ తుడవడం చూసి మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ఆ పిల్లకు అన్నీ అర్థమైపోయినట్టు తోచింది.

"ఈ డీఎస్ఎల్ఆరే ఇవ్వండి," అన్నాడు.

బయటికొచ్చి బస్సుకోసం నిలబడ్డప్పుడు అక్క ఊరుకోలేదు. "లిఫ్టులో ఇరుక్కున్నవాడు గంట నొక్కకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటే నువ్వు వెళ్ళి తీస్తావా?"

"నా పిల్ల లిఫ్టు మెకానిక్ కాదు."

"నువ్వు మాత్రం ఇరుక్కున్నవాడివే," అంది అక్క.

ఆదివారం పిచ్చుక వచ్చింది. నాటకంలో అది ఓడ కెప్టెను. కెప్టెను కోటు అత్తే కుడుతోంది, తెల్లగుడ్డ మీద రెండు వరుసల ఇత్తడి గుండీలతో. కోటు తొడిగి, అత్త నోట్లో గుండుసూదులు పెట్టుకుని చేతులు సరిచేస్తుంటే, మెకానిక్ చుట్టూ తిరిగి ఫోటోలు తీశాడు. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క దీపం. అయినా ఫోటోలు ఎంత బాగా వచ్చాయంటే, పిచ్చుక కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు కూడా కనిపించింది. ఆ గాటు పడ్డనాడు దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది అతనే.

"దగ్గర్నుంచి తీస్తే దీన్ని మించింది లేదమ్మా," అన్నాడు ఉబ్బిపోయి. "నీ నాటకం చూడు, ఎలా తీస్తానో."

పిచ్చుక ఒక చేత్తో కోటు పట్టుకుని ఇంకో చేత్తో సంచీలోంచి గులాబిరంగు చీటీ తీసింది. "నాన్నా, నీకిది. పైన బాల్కనీలో మొదటి బెంచీ. అక్కణ్ణించి స్టేజి మొత్తం కనిపిస్తుంది."

మెకానిక్ చీటీని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "మరి కింద కార్డులో?"

"అమ్మకొకటి, అంకుల్‌కొకటి రాశాను."

అత్త చేతిలో సూది ఆగిపోయింది.

"అంకుల్ అడిగారు నాన్నా. కార్డులిచ్చిన రోజే అడిగారు, నాకోటి రాసిపెడతావా అని. నువ్వేమీ అడగలేదుగా. నీకు డ్యూటీ ఉంటుందేమో, రావేమో అనుకున్నా." పిచ్చుక తండ్రి మొహంలోకి చూసింది. "నీక్కావాలా?"

అప్పుడైనా అనొచ్చు. కావాలమ్మా అన్న ఒక్కమాట.

"అబ్బే, పైనే బాగుంటుంది," అన్నాడు. "కింద కూర్చుంటే తలలు అడ్డం."

పిల్ల వెళ్ళాక అక్క గుండుసూదులు డబ్బాలో వేసుకుంటూ, "వారంలోపు మార్చుకోవచ్చంది కదా ఆ షాపు పిల్ల. ఇంకా మూడు రోజులుంది. పోయి ఆ దూరంది తెచ్చుకో," అంది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

అతను వెళ్ళలేదు. వెళితే ఆ అమ్మాయి ఎదుట నిలబడి, ముందు వరుస కాదండీ వెనకే అని చెప్పాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడు నాలుగో కాలు కళ్ళారా చూశాక కూడా నోరు విప్పడు. మూడు రోజులూ గడిచిపోయాయి.

నాటకం మధ్యాహ్నం మూడింటికి. అక్క రానంది. అంత దూరం తన కళ్ళకు ఆనదట, పైగా చూస్తే ఏడుపొస్తుందట. మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కెమెరాతో హాలు గుమ్మం దాకా వచ్చేసరికి పిచ్చుక కెప్టెను కోటులో పరిగెత్తుకొచ్చింది. వెనకాలే మందుల షాపాయన.

"నాన్నా, నీ కెమెరా అంకుల్‌కి ఇస్తావా? ఫోనుతో తీస్తే అన్నీ ముద్దగా వస్తున్నాయి. దగ్గర్నుంచి అయితే నీదే బాగా తీస్తుందన్నావు కదా."

మందుల షాపాయన మొహం కందగడ్డ అయింది. "నేను వద్దన్నానండీ," అన్నాడు. ఆపైన జేబులోంచి తన కార్డు తీసి ముందుకు చాచాడు. "నిజానికి మీరే కింద కూర్చోవాలి. ఇది తీసుకోండి. నేను పైకెళ్తాను, నాకేం ఇబ్బంది లేదు."

చెడ్డవాడైనా బాగుండేది. నాలుగు తిట్లు తిట్టుకోవడానికి వీలుండేది. మెకానిక్ ఆ కార్డు వంక చూశాడు. దాని మీద తన కూతురి గుండ్రటి దస్తూరీ, వేరేవాడి పేరు. పిచ్చుక ఆ కార్డు వంకా తండ్రి చేతి వంకా మార్చి మార్చి చూస్తోంది. దానికి ఏం కావాలో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"ఎందుకండీ, పైన ఉండటం నాకలవాటే. రోజూ చేసే పనే కదా," అని నవ్వాడు. మెడలోంచి కెమెరా తీసి, తన చేతులతోనే ఆయన మెడలో వేశాడు. "పట్టీ మెడలోనే ఉంచుకోండి, జారితే పగిలిపోతుంది. ఈ బటను సగం నొక్కి ఆగాలి. కూత వినిపించాక పూర్తిగా నొక్కండి."

పిచ్చుక తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పైనుంచి ఓడ అగ్గిపెట్టెలా ఉంది. కెప్టెను టోపీ చొక్కా గుండీ అంత. దాని మాటలు ఒక్కటీ పైకి రాలేదు, మైకు గురగుర తప్ప. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మెకానిక్ వాటిని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. కింద మొదటి వరుసలో మందుల షాపాయన లేచి, వంగి, మళ్ళీ కూర్చుని, చెప్పినట్టే సగం నొక్కి ఆగి తీస్తున్నాడు. బుద్ధిమంతుడు. మెకానిక్‌కి ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకోలేక తన మీదే తెచ్చుకున్నాడు.

ఓడ ఒడ్డుకు చేరింది. చప్పట్లు మొదలవగానే అతను లేచాడు. అందరితో పాటు దిగితే, కింద నిలబడ్డ మాజీ భార్యకు బాల్కనీ మెట్లు దిగుతూ ఎదురుపడాలి. అందుకని ముందే దిగిపోయి, వీధి గేటు దగ్గర, ఇప్పుడే ఎక్కడినుంచో వచ్చినవాడిలా నిలబడ్డాడు. లోపల చప్పట్లు చాలాసేపు వినిపించాయి. పావుగంటకు మందుల షాపాయన వచ్చి కెమెరా అప్పగించి, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. పిచ్చుక ఇంకా కోటు విప్పుతోందట.

మర్నాడు పొద్దున అక్కా తమ్ముడూ గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని ఫోటోలు చూశారు. నూట పన్నెండు. ఒకదాన్ని మించి ఒకటి. కోటు కుట్లు సైతం కనిపిస్తున్నాయి. అక్క తన కుట్లు చూసుకుని మురిసి, తమ్ముడి మొహం చూసి మురవడం మానేసింది. ఆఖరి ఫోటో మాత్రం వంకరగా ఉంది. స్టేజి మీదనుంచి హాలు వైపు తీసింది. కింద వరుసల్లో తల్లులూ తండ్రులూ చక్కగా కనిపిస్తున్నారు. పైన చీకట్లో బాల్కనీ, అందులో ఆవగింజలంత తలలు.

ఇంతలో ఫోను మోగింది.

"నాన్నా, ఆఖరి ఫోటో చూశావా? అది నేను తీశాను! దండం పెట్టాక అంకుల్‌ని అడిగి కెమెరా స్టేజి మీదకి తీసుకున్నా. నీకోసమే. చెయ్యి కూడా ఊపాను, చూశావా?"

"చూశానమ్మా."

"నువ్వూ ఊపావా? నాకు అక్కణ్ణించి కనపళ్ళేదు."

"ఊపాను. రెండు చేతులూ."

"ఫోటోలో బాగా వచ్చావా?"

మెకానిక్ ఫోటోను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. మొదటి బెంచీ మసకమసకగా అలుక్కుపోయింది. మనిషెక్కడో, మనుషుల మధ్య సందెక్కడో తెలియడం లేదు. ఆ రెండో కెమెరాయే కొని ఉంటే, ఎంత గరుకుగా వచ్చినా, అతను లేచిపోయిన ఖాళీ జాగా కొట్టొచ్చినట్టు కనిపించేది.

"బాగా వచ్చానమ్మా," అన్నాడు.

ఫోను పెట్టేశాక అక్క కళ్ళజోడు తగిలించుకుని కెమెరా మీదకు వంగింది. "ఏదిరా, ఎక్కడున్నావు ఇందులో?"

అతను ఒక మచ్చ మీద వేలు పెట్టాడు. "ఇదిగో."

అక్క ఆ మచ్చ వంకా తమ్ముడి వంకా చాలాసేపు చూసింది.

"అవునురా, నువ్వే," అంది.