ఏటి అంటే ఫ్యాను

గున్నమ్మకి మిగిలిన మాట ఒక్కటే: ఏటి.

వేసవి మొదట్లో ఆమెకి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆటుకి నీళ్ళు లాగినట్టు మాటలన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. ఏమిటని అడిగే ఇదొక్కటే ఒడ్డున ఉండిపోయింది. దాహమేసినా ఏటి. దోమ కుట్టినా ఏటి. కొడుకు చినబాబు సముద్రం మీంచి తడిబట్టలతో ఇంట్లోకి వచ్చినా ఏటి. వినేవాళ్ళు తలో అర్థం తీసేవారు. మంచినీళ్ళని ఒకరు, దుప్పటని ఒకరు, టీవీ పెట్టమంటోందని ఇంకొకరు. కాదు కాదని తల ఊపి ఊపి ఆమెకి విసుగొచ్చింది. ఈ మధ్య ఆ ఒక్క మాట కూడా అనడం తగ్గించేసి, పొద్దంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది.

మాట్లాడించకపోతే ఆ ఒక్కటీ పోతుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి యమునకి అన్నం సహించడం లేదు. యమున గున్నమ్మ మేనకోడలు. గోడ పక్క ఇల్లే. ఎచ్చెర్లలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమొకటి చేస్తోంది. మనుషులకి అర్థం కాని మాటని యంత్రానికి అప్పగిద్దామనుకుంది. కాస్త చదువుకున్నవాళ్ళకి ఇలాంటి ఆలోచనలు తొందరగా వస్తాయి.

ముందు, మాట వినే స్పీకరొకటి కొని తెచ్చింది. గున్నమ్మ "ఏటి" అనగానే అది, క్షమించండి, అర్థం కాలేదు, అంది ఎంతో మర్యాదగా.

"అర్తం కానోళ్ళు ఇంట్లో మేం సాలమేటే? ఇంకోదాన్ని డబ్బులెట్టి కొన్నావా?" అన్నాడు చినబాబు.

"నువ్వు సారీ కూడా సెప్పవు కదా బావా. అది నయం."

తర్వాత సొంతంగా మొదలెట్టింది. అరచేతిలో పట్టే బోర్డు, దానికో చిన్న మైకు, ఫ్యాను వైరు మధ్యలో స్విచ్చిలా పనిచేసే ఒక రిలే. "అత్తా, ఫ్యాను ఎయ్యాలంటే ఎలగంటావు? ఒద్దంటే ఎలగంటావు?" అని బతిమాలి, అత్త నోటినుంచి వచ్చిన ఏటిలన్నీ రికార్డు చేసి బోర్డుకి నేర్పింది.

బోర్డు ఫ్యానుని చక్కగా ఆపింది. మళ్ళీ వెయ్యమంటే మాత్రం ఉలకలేదు, పలకలేదు. వైర్లన్నీ ఊడదీసి చూశాక అసలు సంగతి తెలిసింది. రికార్డు చేసినంతసేపూ గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ గరగర కూడా అత్త గొంతులో భాగమేననుకుంది బోర్డు. ఫ్యాను ఆగితే దాని లెక్కలో అత్త లేదు. నేర్పేటప్పుడు గదిలో ఉన్నదంతా నేర్పినట్టేనని యమున ఫోన్లో రాసిపెట్టుకుంది.

ఫ్యాను ఆపి మళ్ళీ రికార్డు చేసింది. ఈసారి బాగా పనిచేసింది, చినబాబుకి ఫోనొచ్చేదాకా. "ఏటిరా? ఏటైంది? ఏటంటన్నాడు మరి?" అంటూ అతను గదిలో తిరుగుతుంటే, ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఆగుతూ పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. ఏటి అనకుండా ఈ ఒడ్డున ఒక్క వాక్యమైనా పూర్తికాదని ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకి తోచకపోవడం విచిత్రమే.

"నీ మిసన్ది కూడా మన ఊరే," అన్నాడు చినబాబు.

అందుకని మాటని వదిలేసి రాగాన్ని పట్టుకుంది. పొద్దున్నే గడప మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అత్త ఏటిలే వినేది. తెరమీద ఒక్కో ఏటీ ఒక్కో కెరటంలా లేచేది. వెయ్యమనే ఏటి చివర్లో పైకి పోతుంది. వద్దనే ఏటి మెల్లగా జారి ఇసకలోకి ఇంకిపోతుంది. బోర్డుకి ఆ రెండు రాగాలే నేర్పి, మరేది విన్నా ఊరుకోమంది. అలా వింటూ వింటూ ఉంటే చెవిలో ఉన్నది గొంతో నీళ్ళో తెలిసేది కాదు. అత్త ఎక్కడో లోతున నిలబడి పిలుస్తున్నట్టు, తను ఈదుతున్నా ఒడ్డు జరిగిపోతున్నట్టు ఉండేది. టీ చల్లారిపోయేది.

వినగా వినగా ఒకటి గమనించింది. జారిపోయే ఏటిలే ఎక్కువ. ఇంత ఉక్కలో ఫ్యానెందుకు వద్దంటోంది? చలేమో అనుకుంది.

ఆ మధ్యాహ్నం గున్నమ్మ జారుడు ఏటి అంది. ఫ్యాను ఆగింది. యమున దుప్పటి తెచ్చి కప్పబోతే, ఎడంచేత్తో తోసేసింది. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలోకి ఎక్కడినుంచో సన్నగా ఒక హోరు వచ్చి చేరింది.

"ఏటి," అంది గున్నమ్మ. ఇది పైకి లేవలేదు, కిందికి జారలేదు.

తెలియని రాగం కాబట్టి బోర్డు ఏమీ చెయ్యలేదు. నీళ్ళా అని అడగబోయిన యమున నోరు మూసుకుంది. తెలియనప్పుడు ఊరుకోవడం దానికి తనే నేర్పింది. తనకెందుకు రాదు? మంచం పక్కన నేలమీద చతికిలబడింది. అత్త మళ్ళీ అంది. మళ్ళీ అంది. యమున ఊరికే ఆమె ముఖంకేసి చూస్తూ కూర్చుంది. చివరికి గున్నమ్మ గడ్డం కాస్త లేచింది, గోడవైపు. గోడ కాదు, గోడలో మూసేసిన కిటికీ.

"కిటికీయా అత్తా?"

గున్నమ్మ కళ్ళు మూసుకుని, అవునని తలాడించింది.

"ఒద్దే. గాలి తగిల్తే కాలూ సెయ్యీ మరీ పడిపోతాయంటన్నారు," అన్నాడు గుమ్మంలోంచి చినబాబు. ఆ కిటికీకి మేకులు కొట్టింది అతనే.

"ఎవులన్నారు?"

"అందరూను."

"డాక్టరన్నాడా?"

 చినబాబు వెళ్ళి పటకారు తెచ్చాడు.

రెక్కలు తెరుచుకోగానే ఉప్పుగాలి గదంతా నిండింది. కింద ఇసకలో పడవలు చేరి ఉన్నాయి. చేపల చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. కేకలు, నవ్వులు, కాకుల గోల.

"ఏటీ...!" అంది గున్నమ్మ బయటికి, సాగదీసి.

గంప ఎత్తుకుంటున్న దుర్గ ఆగింది. "ఎవులది? గున్నమ్మొదినా! ఏటొదినా, కనబడ్డం మానీసినావు?"

"ఏటి?"

"ఏటా? కవళ్ళ సేపలు పడ్డాయి. మీవోడి వల సిరిగిపోనాది, సెప్పలేదా నీకు?"

"ఏటి!" అంటూ గున్నమ్మ కొడుకువైపు ఉరిమి చూసింది.

"ఇప్పుడిదెవులడిగారు దుర్గా?" అని అరిచాడు చినబాబు.

నెత్తిమీద ఫ్యాను గిర్రున మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ గరగరకి గున్నమ్మ ముఖం చిట్లించి, చెవి కిటికీవైపు పెట్టింది. యమున లేచి వెళ్ళి బోర్డు ప్లగ్గు పీకేసింది. ఫ్యాను ఆగిపోయింది.

"ఏటి?" అంటోంది గున్నమ్మ.

"ఉండు, సెప్తన్నాను," అంటూ దుర్గ గంప దించి, కిటికీకి దగ్గరగా వచ్చి ఇసకలో కూర్చుంది.