పిల్లల పేరు మీద

సముద్రం పోటెత్తడంతో ఆ ఉదయం పడవలు రేవుకు రాలేదు. చేప లేకపోతే పని లేదు, పని లేకపోతే కూలీ లేదు. చేపల్ని డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ గేటు ముందు వాన తుంపరలో మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఆడకూలీలంతా తిట్టుకుంటూ ఇళ్ళదారి పట్టారు. ఇజ్జా మాత్రం కూతురు తూదాను ముందుగానే ఇంటికి తెచ్చుకుందామని పిల్లల కేంద్రం వైపు నడిచింది.

తూదాకు తొమ్మిదేళ్ళు. కాళ్ళు నిలవవు, మాట తేటగా రాదు. నవ్విందంటే మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటి పిల్లల్ని చేర్చుకునే చోటు ఆ రేవు పట్నం మొత్తానికి అదొక్కటే. సర్కారిచ్చే సామాజిక గ్రాంటుతో నడుస్తుంది. నడిపే సంఘానికి అధ్యక్షుడు మక్కా వెళ్ళొచ్చిన హాజ్ బుష్తా. ఇజ్జా చేపలు కోసే ఫ్యాక్టరీకి యజమానీ ఆయనే.

తల్లులు గేటు దాటి లోపలికి రాకూడదని అక్కడ కట్టడి. పొద్దున గేటు దగ్గర పిల్లను అప్పగించాలి, సాయంత్రం గేటు దగ్గరే తీసుకోవాలి. ఆ మధ్యాహ్నం కాపలావాడు నమాజుకు వెళ్ళాడు. గేటు ఓరగా ఉంది. ఇజ్జా లోపలికి వెళ్ళింది.

పిల్లలంతా ఒకే గదిలో ఉన్నారు. కిటికీలు మూసి ఉన్నాయి. గదినిండా ఉచ్చ వాసన. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలో తూదా. నడుము చుట్టూ తలగుడ్డ తిప్పి కుర్చీకి బిగించి కట్టేశారు. తల్లిని చూడగానే అది పకపకా నవ్వింది. 

పిల్లల్ని చూసుకునే హస్నా చేతిలో సూపు గిన్నెతో ఇటు తిరిగింది. పెళ్ళీడు పిల్ల. ఇజ్జా ఒక్క అంగలో వెళ్ళి ఆమె చెంప ఛెళ్ళుమనిపించింది.

"కొట్టక్కా, ఇంకోటి కొట్టు," అంది హస్నా, గిన్నె కింద పెట్టి. "ఇంతమందికీ నేనొక్కదాన్నే. ఒకడికి తినిపిస్తుంటే ఇంకొకడు రోడ్డెక్కుతాడు. మొన్న బతూలక్క కొడుకు లారీ కింద పడబోయాడు. కట్టకపోతే పిల్లలు చస్తారు. కట్టి నేను చస్తున్నా."

"మరి కాళ్ళకి కసరత్తు చేయించేవాళ్ళేరే? మాటలు నేర్పేవాళ్ళేరీ? వాళ్ళ కోసమేగా ఆ గ్రాంటు!"

హస్నా ఆమెను వసారాలోకి తీసుకెళ్ళింది. అక్కడో గది. అద్దాల తలుపు, దానికి తాళం. లోపల పట్టుకుని నడిచే కమ్మీలు, మెత్తటి పరుపులు, రంగురంగుల పెద్ద బంతులు. అన్నీ కొత్తవి, ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి.

"తాళంచెవి హాజ్ జేబులో ఉంటది. గ్రాంటు కమిటీ వచ్చే రోజున తీస్తారు. ఆ రోజుకి నగరం నుంచి తెల్లకోట్లవాళ్ళు దిగుతారు. కమిటీ కారు మలుపు తిరగ్గానే వాళ్ళ కారూ కదుల్తది. నేను నోరెత్తితే నా ఉద్యోగం ఊడుద్ది... ఊళ్ళో ఇంకెక్కడ దొరుకుద్దక్కా నాకు పని?"

ఇజ్జా ముడి విప్పి కూతుర్ని వీపున వేసుకుంది. గేటు దాటాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

మర్నాడు పడవలొచ్చాయి. పొడవాటి బల్లల ముందు రబ్బరు బూట్లతో, తెల్ల టోపీలతో ఆడవాళ్ళు సార్డీన్ చేపల తలలు కోస్తున్నారు. ఇజ్జా పక్కనున్న బతూల్‌కు జరిగిందంతా చెప్పింది. బతూల్ కత్తి ఆగిపోయింది. మేస్త్రీ అరిచాక మళ్ళీ కదిలింది.

అంతలో హాజ్ బుష్తా స్వయంగా వచ్చాడు. నేల మీది నీళ్ళు తగలకుండా తెల్లటి పొడుగు అంగీ అంచు ఎత్తి పట్టుకున్నాడు.

"బిడ్డల్లారా, గురువారం కమిటీ వస్తోంది. కేంద్రంలో పిల్లలున్న తల్లులకి ఒక పూట సెలవు. ఈ వాసన లేకుండా శుభ్రంగా స్నానాలు చేసి రండి. అడిగితే రెండు మంచి ముక్కలు చెప్పండి." వెళ్ళబోతూ ఆగి, అదే మెత్తటి గొంతుతో అన్నాడు: "ఎవరికైనా నోటిదురద ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ ఫ్యాక్టరీ గేటుకీ ఆ కేంద్రం గేటుకీ యజమాని నేనొక్కణ్ణే."

"ఈ వాసన మీదేగా ఈయనగారి మేడ లేచింది!" అని బతూల్ పళ్ళ మధ్యే గొణిగింది.

మేస్త్రీలు అడుగుపెట్టలేని చోటు ఆ పట్నంలో ఆడవాళ్ళు ఆవిరిస్నానాలు చేసే హమ్మాం ఒక్కటే. బుధవారం సాయంత్రం పని దిగాక తల్లులంతా ఆ వేడి ఆవిరిలో బకెట్ల చుట్టూ చేరారు. తల్లులు కాని కూలీలు కూడా కొందరు వచ్చారు.

"రేపు ఉన్నదున్నట్టు చెప్పేద్దాం," అంది బతూల్.

"చెప్పి?" మన్నానా గయ్యిమంది. ఆమె కొడుకుకు చూపూ లేదు, వినికిడీ లేదు. "గ్రాంటు ఆపేస్తారు. కేంద్రానికి తాళం పడుద్ది. తర్వాత నీ కొడుకునెక్కడ పెడతావే, చేపల డబ్బాలోనా? కేంద్రం లేనప్పుడు నేను మావాణ్ణి ఇంట్లో పెట్టి బయట గొళ్ళెం వేసి పనికొచ్చేదాన్ని. అక్కడ కట్టేసినా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. నాకది చాలు."

 నిజం చెబితే తలుపు మూస్తారు. చెప్పకపోతే ఆ అద్దాల గది తలుపు ఎప్పటికీ తెరవరు. ఎటు తిరిగినా గోడే.  

అప్పుడే హస్నా వచ్చింది. తల్లులు ముఖాలు తిప్పుకున్నారు. ఇజ్జా జరిగి ఆమెకు చోటిచ్చింది.

"గ్రాంటు హాజ్ పేరు మీద రాదక్కా," అంది హస్నా. "పిల్లల పేరు మీద వస్తది. ఆయన సంఘానికే ఇవ్వాలని ఎక్కడా లేదు. మీరంతా సంఘం పెట్టి అడిగితే మీకూ ఇవ్వొచ్చు."

"చదువు రానోళ్ళకి ఇస్తారా?" అని ఎవరో అడిగారు.

"ఇవ్వరు," అంది ఇజ్జా. అందరూ ఆమె వైపు చూశారు. "అడగ్గానే ఎవడిస్తాడు? ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు. పిల్లల్తో ఆ అద్దాల గదిలోనే కూర్చుందాం. గ్రాంటు ఆపమని అడగొద్దు, చేతులు మార్చమందాం."

"మీ పిల్లల గొడవకి మా కూలీ పోవాలా?" మూల నుంచి ఒకామె అంది. "లైను ఆగితే అందరం రోడ్డున పడతాం."

ముసలి యామ్నా మగ్గు బకెట్లో పడేసింది. ఆ ఫ్యాక్టరీలో అందరికంటే పాతకాపు.

"మీ పిల్లలేంటే? ఇది తూదాని కడుపులో మోస్తూ మంచుగడ్డల మధ్య నిలబడి కోసింది. నువ్వూ అట్టాగే కోశావు. ఎవత్తెకైనా ఒక కుర్చీ వేశాడా ఆయన? నీకు బాగున్నోడు పుట్టాడు. అదృష్టం. రేపు నీ మనవడు? మనందరి ఒళ్ళూ ఆ బల్లల మీదే అరిగింది. వాళ్ళక్కడ కూర్చుంటే ఇక్కడ నా కత్తి ఆగుద్ది. నీ కత్తి సంగతి నువ్వు చూసుకో."

మన్నానా మాత్రం లేచి వెళ్ళిపోయింది.

గురువారం ఆ గది తెరుచుకుంది. కవర్లు తీసేశారు. తెల్లకోటు వేసుకున్న ఒకామె తూదాను కమ్మీల మధ్య నిలబెట్టి కెమెరా వైపు నవ్వింది. కమిటీలో ముగ్గురు మగవాళ్ళు, వాళ్ళకు పెద్దగా ఒక కళ్ళద్దాల ఆవిడ. మిఠాయిలు, పుదీనా టీ వచ్చాయి. హాజ్ బుష్తా ఇజ్జాను ముందుకు పిలిచాడు.

"చెప్పమ్మా, సిగ్గుపడకు. నీ బిడ్డ ఎంత మారిందో చెప్పు."

ఇజ్జా ఆయన్ని వదిలి కళ్ళద్దాలావిడ వైపు తిరిగింది. "ఈ గది తెరిచి ఉండగా చూడ్డం నాకిదే మొదలు," అంది. "మా పిల్లలుండేది పక్క గదిలో. కుర్చీలకి కట్టేసి ఉంటారు. ఈ తెల్లకోటమ్మని నా కూతురి పేరడగండి. ఆమెకి తెలీదు."

తెల్లకోటామె తూదా చెయ్యి వదిలేసింది. పిల్ల తూలిపోతుంటే హస్నా పరుగున వచ్చి పట్టుకుంది.

హాజ్ నవ్వాడు. "తల్లి మనసు కదా మేడం, బిడ్డ బాధతో ఒక్కోసారి..."

"నా మతి బాగానే ఉంది హాజ్!"

"నేనే కట్టాను మేడం," అంది హస్నా. "కట్టిన చేతులివి."

కళ్ళద్దాలావిడ చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఇది నిజమైతే గ్రాంటు నిలిపివేయక తప్పదు," అంది చివరికి.

"ఆపొద్దు!" తల్లులంతా ఒక్కసారి అరిచారు. "మాకివ్వండి. మేం నడుపుతాం."

"నిబంధనలు ఒప్పుకోవు. విచారణ జరగాలి. అప్పటిదాకా కేంద్రం మూసి ఉంటుంది."

మన్నానా చెప్పినట్టే అయింది. కమిటీ కారెక్కింది, తెల్లకోట్లు మాయమయ్యాయి. "తృప్తిగా ఉందా?" అన్నాడు హాజ్. ఇప్పుడు ఆ గొంతులో మెత్తదనం లేదు. "పిల్లల్నెత్తుకుని పోండి. ఫ్యాక్టరీకీ రావద్దు."

ఇజ్జా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని పరుపు మీద చతికిలబడింది. బతూల్ కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. పిల్లలు బంతుల మీద పడి దొర్లసాగారు. కొందరు ఆ బంతుల్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

కాసేపటికి ఫ్యాక్టరీ సైరన్ అదేపనిగా మోగింది. బల్లల మీద చేపలు అలాగే వదిలేసి, తెల్ల టోపీలతో, పొలుసులంటిన చేతులతో ఆడవాళ్ళు వీధుల వెంట వచ్చి కేంద్రం ముందు నిలబడ్డారు. ముందు యామ్నా. హమ్మాంలో ఎదురు చెప్పినామె కూడా వచ్చింది.

వాళ్ళ వెనకే పోలీసు వ్యాన్లు వచ్చాయి.

"నాయకురాలెవరు?" అన్నాడు అధికారి.

"అందర్నీ తీసుకుపో నాయనా," అంది బతూల్. "పిల్లల్ని కూడా. గుడ్డలు మార్చాలి, నోట్లో పెట్టి తినిపించాలి. మీవాళ్ళకి వచ్చా?"

గుంపు గొల్లున నవ్వింది. నవ్వు ఆగకముందే లాఠీలు లేచాయి. యామ్నా నుదురు చిట్లింది. హస్నాను జుట్టు పట్టి ఈడ్చారు. ఇజ్జా చేతుల్లోంచి తూదాను లాగి బతూల్‌కు ఇచ్చి, ఇజ్జాను వ్యానెక్కించారు. తల్లి కోసం తూదా పెట్టిన కేక వ్యాను ఇంజను మోతలో కలిసిపోయింది.

స్టేషన్ మేడ మీద ఇనుప చువ్వల కిటికీ ఉన్న గదిలో ఇజ్జాను, హస్నాను పెట్టారు. ఉద్యోగం పోయింది, కేంద్రం పోయింది, పిల్ల ఎక్కడుందో తెలియదు. అంతా తన నోటివల్లే అనిపించి ఇజ్జా గోడకు తల ఆనించింది. హస్నా ఆమె చెయ్యి పట్టుకుంది. 

పొద్దు వాలుతుండగా ఇనస్పెక్టరు వచ్చాడు. "బయటున్న వాళ్ళని ఇళ్ళకి పొమ్మని చెప్పు. వాళ్ళు కదలగానే నిన్నూ వదిలేస్తాం."

"ఎవరున్నారు బయట?"

"నువ్వే చూసుకో."

ఇజ్జా చువ్వలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. రోడ్డు మీద తెల్ల టోపీలు కూర్చుని ఉన్నాయి. బతూల్ భుజం మీద తూదా ఉంది. కొడుకును ముందు నడిపించుకుంటూ మన్నానా వస్తోంది. ఆమె వెనక ఇజ్జా ఎప్పుడూ చూడని ఆడవాళ్ళు: కొండమీది పేటవాళ్ళు, తోళ్ళు శుద్ధిచేసేవాళ్ళ వీధివాళ్ళు, రేవులో వలలు అల్లేవాళ్ళు. కొందరు ఎదిగిన పిల్లల్ని వీపున మోస్తున్నారు. కొందరు తోపుడు బండ్ల మీద తోసుకొస్తున్నారు. ఏళ్ళ తరబడి ఇంటి గడప దాటని పిల్లలు ఎండకు కళ్ళు చికిలిస్తూ ఆకాశం వైపు చూస్తున్నారు. ఊళ్ళో ఇలాంటి పిల్లలు ఇంతమంది ఉన్నారని ఇజ్జాకు ఇన్నాళ్ళూ తెలియదు.

"ఏం, చెబుతావా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"చెప్తా," అంది ఇజ్జా. చువ్వలకు ముఖం ఆనించి, గొంతు చించుకుని అరిచింది: "కదలొద్దే! ఎవ్వరూ కదలొద్దు! వచ్చేవాళ్ళకి చోటివ్వండి!"

కింద రోడ్డు మీద తెల్ల టోపీలు జరిగి జరిగి కూర్చున్నాయి.