పోయినేడాదిదే పెట్టేయండి

"సంతకం పెట్టేస్తే పోయేదానికి ఎందుకంత ఇదవుతావ్?" అన్నారు మా ఆయన, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. నేను బీన్స్ తరుగుతున్నాను. ఒక పొయ్యి మీద ఆయన టీ, రెండో పొయ్యి మీద అత్తగారి స్నానానికి నీళ్లు. సంతకం పెట్టాల్సిన కాగితం ఫ్రిజ్ మీద, మందుల డబ్బా కింద ఉంది. ఇవాళ పదకొండు గంటలకల్లా అది మా డైరెక్టర్ గారి టేబుల్ మీద ఉండాలి.

"నీ ఉద్యోగం మీద ఇల్లు నడవట్లేదుగా అమ్మాయ్. పెట్టేసి హాయిగా ఉండు" అన్నారు అత్తగారు గుమ్మం దగ్గర కుర్చీలోంచి. ఆవిడ బీన్స్ కి నారలు తీసి ఇస్తున్నారు. జవాబు చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి. ఈ మధ్య నాకు అది పొద్దున్న ఏడింటికే అయిపోతోంది.

నేను యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగంలో గుమాస్తాని. పదహారేళ్లయింది. వేరే దేశాల నుంచి ఒక సెమిస్టరో, ఏడాదో చదువుకుని పోదామని వచ్చే పిల్లలుంటారు. వాళ్లు ఇక్కడ ఏయే కోర్సులు తీసుకోవచ్చో చెప్పే జాబితా ఒకటి మేం ఏటా తయారు చేస్తాం. చేస్తాం అంటున్నాను గానీ, చేసేది నేనే. కోర్సు పేరు, చెప్పేవారి పేరు, ఎన్ని క్రెడిట్లు, నాలుగు వాక్యాల పరిచయం, ఇవన్నీ ఒక్కో శాఖ నుంచి రావాలి. రావు. నేను ఫోన్లు చేస్తాను. "మీటింగులో ఉన్నానమ్మా" అంటారు. మళ్లీ చేస్తాను. "పోయినేడాదిదే పెట్టేయండి" అంటారు. కొత్త కోర్సయితే పుస్తకాల పేర్లు రెండు పంపించి, "మీరే ఏదో ఒకటి రాసేయండి" అంటారు. నేను లైబ్రరీ నుంచి ఆ పుస్తకాలు తెచ్చుకుని, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, భోజనం వేళలో చదివి రాస్తాను. ఇప్పుడు ఆ జాబితాలో నూట ఎనభై చిల్లర కోర్సులున్నాయి. అందులో నేను రాయని పరిచయాలు పదో పన్నెండో ఉంటాయేమో.

ఇంట్లోనూ అదే కథ. "ఏం వండమంటారు?" అని అడిగితే, "ఏదో ఒకటి, నిన్నటిదే కానివ్వు" అంటారు ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. నిన్నటిదే పెడితే, "మళ్లీ ఇదేనా!" అంటారు. ఆఫీసులో కనీసం ఆ రెండో మాట ఎవరూ అనేవారు కాదు. పోయిన వారం వరకు.

పోయిన సోమవారం ఒక పొడుగాటి అమ్మాయి మా కౌంటర్ దగ్గరికొచ్చింది. రెండు విమానాలు మారి వచ్చిందట, కళ్ల కింద ఇంకా ఆ ప్రయాణం ఉంది. చేతిలో మా జాబితాలోని ఒక పేజీ. మన భాష పుస్తకాల్లో నేర్చుకున్నట్టుంది, ఆగి ఆగి, ఒక్కో మాటా సరిచూసుకుని మాట్లాడుతోంది.

"ఈ కోర్సు ఏ గదిలో జరుగును?" అంది.

'పాత చేతిపటాల అధ్యయనం.' యంత్రాలు రాకముందు మనుషులు చేత్తో గీసుకున్న పటాలు, ఊళ్లవీ, నదులవీ, పొలాలవీ, వాటిని చదవడం. పరిచయంలో చివరి వాక్యం కింద ఆ అమ్మాయి పెన్సిల్ తో గీత గీసుకుంది. "ఈ కోర్సు పూర్తయ్యేసరికి, ఒక నది పటం చూసి, దాన్ని గీసిన మనిషి ఏ ఒడ్డున నిలబడి గీశాడో విద్యార్థి చెప్పగలగాలి."

"ఈ వాక్యం కొరకే నేను వచ్చితిని. దీన్ని వ్రాసిన ఆచార్యుల వారిని కలవవలెను" అంది.

ఆ వాక్యం నాది. ఆచార్యులవారేమో రెండేళ్ల కిందట రిటైరైపోయారు. ఆ కోర్సు చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.

ఆ అమ్మాయికి వాళ్ల యూనివర్సిటీ ఈ కోర్సునే లెక్కలోకి తీసుకుంటుందట. ఇది లేకపోతే ఇక్కడ గడిపే ఆరు నెలలూ దండగే, తిరిగెళ్లి మళ్లీ చదవాలి. ఆ యూనివర్సిటీ వాళ్లు ఒక ఉత్తరం రాశారు, మర్యాదగానే, కానీ గట్టిగా. అప్పుడు మా భవనంలో కదలిక వచ్చింది. పదహారేళ్లలో నా జాబితా గురించి డైరెక్టర్ గారు నన్ను లోపలికి పిలవడం అదే మొదటిసారి.

లోపల భూగోళ శాఖ అధిపతి కూడా కూర్చుని ఉన్నారు. 'పోయినేడాదిదే పెట్టేయండి' అన్నది ఆయనే. నా వైపు చూడకుండా బిస్కెట్ టీలో ముంచుకుంటున్నారు.

"చూడమ్మా, ఇది పెద్ద విషయమేం కాదు. ఏదో ఒక కాగితం ఫైల్లో ఉండాలి. సారుగారి పేరు బయటికి రాకూడదు, వచ్చే నెలలో ఆయన డీన్ అవుతున్నారు. నువ్వు సంతకం పెట్టేయ్, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు డైరెక్టర్ గారు. కాగితం ముందే టైపు చేయించి ఉంచారు. "సెక్షన్ ఆఫీసర్ ప్రమోషన్ లిస్టులో నీ పేరు కూడా ఉందిగా" అని చివర్లో కలిపారు. అది మాటివ్వడమా, బెదిరించడమా అని నేను బస్సులో దారంతా ఆలోచించాను.

కాగితంలో ఇలా ఉంది: "విషయ పరిజ్ఞానం లేని కారణాన, కోర్సుల స్వరూపం తెలియక, పాత వివరాలను యాంత్రికంగా ఎత్తిరాసి పొరపాటు చేశానని ఒప్పుకుంటున్నాను."

నిన్న సాయంత్రం మా ఆయనకి చూపించాను. ఆయన కోర్టులో హెడ్ క్లర్కు. కాగితం రాయడంలో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం, అది నిజమే కూడా కాబోలు. చదివి ముఖం చిట్లించారు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది. ఎంత పిచ్చిదాన్నో! జేబులోంచి పెన్ను తీసి, రెండు చోట్ల కామాలు పెట్టి, 'ఒప్పుకుంటున్నాను' ముందు 'సవినయంగా' అని చేర్చారు. "ఇప్పుడు బాగుంది. మళ్లీ టైపు చేయించి పెట్టేయ్" అన్నారు. 'విషయ పరిజ్ఞానం లేని' అన్న మాట దగ్గర ఆయన పెన్ను ఆగనే లేదు.

ఆయన నా తరఫున కాగితం మీద పెన్ను పెట్టడం ఇది రెండోసారి. మొదటిసారి మా పెళ్లి కుదిరిన నెలలో. అప్పుడు నేను భూగోళం ఎం.ఏ. చదువుతున్నాను. విదేశంలో ఒక సెమిస్టర్ చదవడానికి మా క్లాసులో ముగ్గురిని ఎంపిక చేశారు, అందులో నేనొకదాన్ని. అక్కడి యూనివర్సిటీ కోర్సుల జాబితా పంపింది. సన్నటి అక్షరాల్లో, చవక కాగితం మీద. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఐదు కోర్సులు ఎంచుకుని టిక్కులు పెట్టుకున్నాను. మొదటి టిక్కు చేతిపటాల మీద. అప్పుడే పెళ్లిచూపులయ్యాయి. "ఆరు నెలలు అక్కడేం చదువుతుందిట? ఇక్కడ పుస్తకాలు లేవా?" అన్నారు అత్తగారు. కాబోయే ఆయన చాలా మంచివాడిలా నవ్వి, "నువ్వేం కంగారు పడకు, విరమణ పత్రం నేను రాసిస్తాగా" అన్నారు. 'వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా విరమించుకుంటున్నాను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నేను సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లయింది. వెళ్లాల్సిన విద్యార్థులు ముగ్గురు కాస్తా ఇద్దరే వెళ్లారు, ఎవరికీ ఏమీ కాలేదు.

కాబట్టి నా జీవితంలో 'నేను' అని మాట్లాడే కాగితాలు రెండే రెండు, రెండూ వేరేవాళ్లు రాసినవే. పొద్దున్న బీన్స్ తరుగుతూ నాకు తట్టింది ఇదే.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. డైరెక్టర్ గారికీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. ఆ కోర్సు చెప్పే మాస్టారు రిటైరయ్యారని నాకు తెలుసు. ఆయనకిచ్చిన పూలగుత్తికి రిబ్బను కట్టింది నేనే. శాఖాధిపతికి ఫోన్ చేసి, "ఈ కోర్సు తీసేయమంటారా సార్?" అని రెండేళ్లూ అడిగాను. రెండేళ్లూ ఆయన, "అబ్బా, పోయినేడాదిదే పెట్టేయండమ్మా" అన్నారు. ఆయన అన్నారు సరే. ఇంకోసారి ఫోన్ చేసి గట్టిగా అడిగితే తీసేయించేదాన్నే. వేరే కోర్సులకి అలాగే చేశాను. దీనికి మాత్రం చేయలేదు. దాన్ని తుడిచేయడానికి చేతులు రాలేదు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మాస్టారి క్లాసు బయట వరండాలో, ఫైళ్లు పట్టుకుని ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి, కిటికీలోంచి వినేదాన్ని. పొరపాటు జరిగింది, నావల్లే జరిగింది. కానీ తెలియక జరగలేదు. ఆ అమ్మాయి కళ్లు గుర్తొస్తే తప్పు చేశాననే అనిపిస్తుంది. 'పరిజ్ఞానం లేక' అన్న మాట గుర్తొస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

టీ ఆయన చేతికిచ్చి, అత్తగారి నీళ్లు తోడి, మూడు డబ్బాలు సర్ది, బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. మాస్టారి నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేసి, వరండా కిటికీ సంగతి తప్ప మొత్తం కథ చెప్పి, ఆ అమ్మాయికి కోర్సు చెప్తారా అని అడిగాను.

"చెప్తానమ్మా, దానికేం! ఇంట్లో మొక్కలకి నీళ్లు పోసుకుంటూ కూర్చున్నాను" అన్నారు ఆయన. "కానీ ఒక్క పిల్లేగా? ఇద్దరు లేకపోతే కోర్సు నడపకూడదని మీ రూలేగా. ఇక్కడి పిల్లలెవరూ చేరలేరు, వాళ్ల గడువు దాటిపోయింది."

"ఇద్దరున్నారు మాస్టారూ" అన్నాను.

ఎలా అనేశానో తెలీదు. అన్నాక బస్సు రెండు స్టాపులు దాటింది. మా జాబితా చివరి పేజీలో, అన్నిటికన్నా కింద ఒక లైను ఉంటుంది. యూనివర్సిటీ ఉద్యోగులు ఏడాదికి ఒక కోర్సులో చేరవచ్చు, సెమిస్టర్ మొదటి నెలలో ఎప్పుడైనా సరే. పదహారేళ్లుగా ఏటా టైపు చేస్తున్నాను. ఆ ఉద్యోగుల్లో నేనూ ఒకదాన్నని ఒక్కసారి కూడా తట్టలేదు.

పదకొండు కాకముందే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లాను. వాళ్ల కాగితం సంతకం లేకుండా వెనక్కిచ్చి, నేను చేత్తో రాసినది పక్కన పెట్టాను. ఎక్కువ లేదు. 'ఈ కోర్సు బోధించేవారు లేరని నాకు తెలుసు. రెండేళ్లూ శాఖను అడిగాను, ఉంచమన్నారు. ఇంకోసారి అడగకపోవడం నా తప్పు. విషయం తెలియక ఉంచలేదు, తెలిసే ఉంచాను. మాస్టారు గౌరవ అధ్యాపకులుగా చెప్పడానికి ఒప్పుకున్నారు.'

ఆయన రెండుసార్లు చదివారు. "నిన్ను సంతకం పెట్టమన్నాను. కథ రాయమనలేదు" అన్నారు. నేను నిలబడే ఉన్నాను. "సెక్షన్ ఆఫీసర్ లిస్టు ఎల్లుండి వెళ్తోంది. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను సార్."

"మాస్టారి సంగతి సరే, ఆ పిల్ల సమస్య తీరుతుంది కాబట్టి అది చేస్తాం. లిస్టు సంగతి మాత్రం నన్నడక్కు" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇద్దరుండాలి కదా, రెండో స్టూడెంట్ ఎవరు?"

"ఫారం తెస్తాను సార్" అని బయటికొచ్చాను.

లిస్టులో నా పేరుండదు. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా నా కుర్చీలో కూర్చుని కోర్సులో చేరే ఫారం ఒకటి తీశాను. ఇలాంటివి వేలకొద్దీ పిల్లలకిచ్చి, తప్పులు దిద్ది, వెనక్కి తీసుకున్నాను. పెన్ను మూత తీస్తుంటే ఫోన్ మోగింది. మా ఆయన.

"అయిపోయిందా?"

"ఇంకా లేదండీ, రాస్తున్నాను."

"రాయడమేమిటి? నేను దిద్ది ఇచ్చాగా!"

"అది కాదండీ. వేరేది."

"ఏదో ఒకటిలే. మంగళవారం సాయంత్రం అమ్మని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, గుర్తుందా?"

"మీరే తీసుకెళ్లాలి. మంగళ, గురువారాలు నాకు క్లాసుంది" అన్నాను.

"క్లాసా? ఏం క్లాసు? ఎవరికి?" అన్నారు. ఇంటికొచ్చి చెప్తానని పెట్టేశాను.

కౌంటర్ దగ్గర ఆ పొడుగాటి అమ్మాయి వచ్చి నిలబడింది, ఇవాళేమైనా తెలుస్తుందేమోనని. కూర్చోమని సైగ చేశాను. ఫారంలో పేరు రాశాను, శాఖ రాశాను, ఉద్యోగి నంబరు రాశాను. చివర ఒక గడి ఉంటుంది, 'ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు?' అని. పిల్లలు దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే 'క్రెడిట్ల కోసం' అని గిలికేస్తారు. నేను కూడా నింపమని ఎప్పుడూ పట్టుబట్టలేదు. ఇప్పుడు ఆ గడిలో, నా చేతిరాతతో, ఎవరూ దిద్దకుండా రాశాను:

'ఇరవై రెండేళ్ల కిందటే ఎంచుకున్నాను. రావడమే ఆలస్యమైంది.'