ఎస్తేరు చూపించిన ఇంజను

ఓబులేసు కాలు తీశాడు. కారు వేగం తగ్గలేదు.

దిగువ అహోబిలం దాటి ఎగువ అహోబిలానికి ఎక్కే దారి అది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోతు. బండిలో ఐదుగురు యాత్రికులు. ముందు సీట్లో ఆదిలక్ష్మమ్మ అనే ముసలావిడ ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని స్వామి పేరు తలుచుకుంటూ ఉంది. మలుపు దగ్గరపడింది. పదహారేళ్లుగా చేస్తున్నట్టే ఓబులేసు యాక్సిలేటరు మీంచి కాలు ఎత్తాడు. కాలు పైకి వచ్చింది గాని పెడలు రాలేదు. ఎవరో కిందినుంచి పట్టి లాగుతున్నట్టు అడుక్కి అతుక్కుపోయి ఉంది.

బ్రేకు తొక్కాడు. బండి వణికింది, అయినా ఇంజను లాగుతూనే ఉంది. పెట్రోలు బండయితే తాళం తిప్పితే ఆగిపోయేది. ఈ పాత డీజిలు బండికి ఆ సుఖం లేదు. తాళం తీసి జేబులో వేసుకున్నా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. స్టీరింగు కింద ఉన్న చిన్న పిడిని బయటికి లాగితే గాని ఆరదు. ఓబులేసు ఎడమకాలితో క్లచ్ అదిమి, చేత్తో ఆ పిడి కోసం తడుముకున్నాడు. చెయ్యి అందేలోపే ఇంజను ఒక్క అరుపు అరిచి, ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. పెడలు టక్కున పైకి లేచింది. బండి మలుపు రాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

ముసలావిడే ముందు తేరుకుంది.

"ఏం నాయనా, స్వామి దగ్గరికి పోవల్లనే వచ్చినాం గాని, ఇంత బేగా పోవల్లని కాదు."

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేకపోయాడు. కిందికి దిగి, బానెట్టు ఎత్తి, వేలితో ఇంజనుకు డీజిలు అందించే పంపు దగ్గరి మీటను కదిపి చూశాడు. వెన్నలా కదులుతోంది. ఎక్కడా పట్టడం లేదు.

ఆ కారు నంద్యాల బట్టల వ్యాపారి మహానందయ్యది. మర్నాడే ఓబులేసు దాన్ని మెకానిక్కు సంజీవయ్య షెడ్డుకు తీసుకుపోయాడు. సంజీవయ్య తేలిక మనిషి కాడు. నంద్యాలలో డీజిలు బండి ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన పెడలు కింద తివాచీ తీసేశాడు. పెడలు పిన్ను ఊడదీసి, తుప్పు గీకి, గ్రీజు పెట్టాడు. వెనక్కి లాగే స్ప్రింగు మార్చాడు. పెడలు నుంచి పంపు దాకా పోయే ఇనుపకడ్డీ కీళ్లన్నిటికీ నూనె వేశాడు. నూరుసార్లు తొక్కించాడు. నూరుసార్లూ పెడలు పైకి వచ్చింది.

"ఇంగ పట్టుకోదు, పో అన్నా," అన్నాడు.

నాలుగు రోజులకు శిరివెళ్ల దాటాక మళ్లీ పట్టుకుంది. సంజీవయ్య ఈసారి పంపు మీటనే విప్పి కడిగి బిగించాడు. వారం గడిచాక మళ్లీ పట్టుకుంది. మూడోసారి పోయినప్పుడు ఆయన పనిముట్లు ముట్టుకోలేదు. చేతులు తుడుచుకుంటూ ఓబులేసు కాళ్లవైపు చూశాడు.

"అన్నా, తప్పు పట్టుకోవద్దు. బండిలో ఏం ల్యా. ఈడ ఒక్కసారన్నా పట్టుకుంటే నేను నమ్ముతా."

ఆ మాట మహానందయ్య చెవిదాకా పోయింది. ఆయన కేకలు వేసే మనిషి కాదు. దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగాడు.

"ఓబులేసూ, నీకు ఒంట్లో బాగుండాదా? కాలు యామన్నా మొద్దుబారతాందా? జనాలను ఎక్కించుకొని తిరిగే బండప్పా."

ఓబులేసు తలవంచుకుని వచ్చేశాడు. ఆ రోజు నుంచి చెప్పులు విప్పి తోలడం మొదలుపెట్టాడు. ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, కుడికాలి వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకునేవాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన కాలు మీదే అనుమానం పుట్టింది.

ఎండాకాలం మధ్యలో ఒకరోజు ఆళ్లగడ్డలో ఒక పెళ్లివారిని దింపి తిరిగి వస్తుంటే, ఊరి చివర కాలువ గట్టు ఎక్కేచోట నాలుగోసారి పట్టుకుంది. క్లచ్ తొక్కగానే వదిలేసింది. బండిని మెల్లగా పక్కకు తీసి, అక్కడే ఉన్న ఒక మిల్లు నీడలో ఆపి, బానెట్టు ఎత్తి ఊరికే నిలబడ్డాడు.

అది వేరుశనగ బుడ్డలు వలిచే మిల్లు. లోపల పెద్ద ఆయిలింజను దబదబ కొట్టుకుంటోంది. నేల అదురుతోంది. కాసేపటికి ఇంజను ఆగింది. తలకు తుండుగుడ్డ చుట్టుకున్న ఒక ఆడమనిషి మసి చేతులతో బయటికి వచ్చి తొట్టి దగ్గర ముఖం కడుక్కుంది. యాభై దాటి ఉంటాయి. ఆమె పేరు ఎస్తేరు.

ఆమె భర్త ఇస్సాకు ఆ మిల్లులో ఇంజను తోలేవాడు. అతను పోయాక ఆ ఇంజనును తిప్పి నడిపించగలిగినవాడు ఊళ్లో దొరకలేదు. మూడు రోజులు మిల్లు మూతపడింది. నాలుగో రోజు తెల్లవారి ఎస్తేరు వచ్చి, హ్యాండిలు తగిలించి, కాలు అదిమిపెట్టి తిప్పింది. ఇంజను అందుకుంది. అప్పటినుంచి పదిహేడేళ్లుగా ఆమే దాన్ని నడుపుతోంది. ఇదంతా ఓబులేసుకు తర్వాత తెలిసింది. అప్పటికి ఆమె మసి పూసుకున్న ఒక కూలిమనిషి, అంతే.

"ఏందప్పా, ఏమైంది?" అంది.

"ఏం ల్యాక్కా. నీకు చెప్పినా తెల్దు. ఇది కారు."

"ఇదీ ఆయిలు తాగేదే గదా?"

ఆ అడిగిన తీరుకు ఓబులేసు తలెత్తి చూశాడు. పరాచికం కాదు. నిజంగానే అడుగుతోంది. ఎవరికైనా చెప్పుకోవాలని ఉందేమో, అతను అహోబిలం దగ్గరనుంచి అంతా చెప్పేశాడు. ఎస్తేరు మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయ్యాక ఒక్కటే అడిగింది.

"క్లచ్చి తొక్కితేనే వదులుతాందా? బిరేకు తొక్కితే వదల్లేదా?"

"బిరేకుకు వదల్లేదక్కా. క్లచ్చి తొక్కంగానే ఒక అరుపు అరిచి దిగిపోతాది."

"చదునులో ఎప్పుడన్నా పట్టుకుండెనా?"

ఓబులేసు ఆలోచించాడు. అహోబిలం ఎత్తు. శిరివెళ్ల దాటాక వంతెన ఎక్కేచోటు. మూడోసారి నిండా జనాన్ని ఎక్కించుకుని గుంతలోంచి లేచేటప్పుడు. ఇప్పుడు కాలువ గట్టు. నాలుగుసార్లూ ఎక్కుడులోనే. ఆ సంగతి ఇన్నాళ్లు తన కంటి ముందే ఉంది, తానే చూడలేదు.

"లేదక్కా. ఒక్కసారీ ల్యా."

"మెకానిక్కు నిలబెట్టి సూసినాడా?"

"మూడుసార్లు సూసినాడు."

"నిలబడిన ఎద్దు కుంటిదో కాదో యాడ తెలుస్తాదప్పా? బరువు కట్టి లాగిస్తే గదా తెలిసేది." ఎస్తేరు తుండుగుడ్డ విప్పి చేతులు తుడుచుకుంది. "ఆ మూత మొత్తం ఊడదియ్యి. చక్రాలకు రాళ్లు పెట్టు."

మామూలుగా అయితే ఓబులేసు నవ్వేసి పోయేవాడు. ఆ రోజు నవ్వే ఓపిక లేదు. బానెట్టు బోల్టులు విప్పాడు, ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి మిల్లు గోడకు ఆనించారు. నాలుగు చక్రాల ముందూ పెద్ద పెద్ద బండరాళ్లు పెట్టారు. ఎస్తేరు ఎదురుగా నిలబడలేదు. బండి పక్కగా వచ్చి, ఇంజను మీదికి వంగి, తల ఒకవైపు వాల్చి నిలబడింది.

"చేతి బిరేకు లాగు. ఒకటో గేరు వెయ్యి. క్లచ్చి సగం వదిలి ఆయిలు తొక్కు. నేను ఆపమనేదాకా తొక్కు."

ఓబులేసు సీట్లో కూర్చున్నాడు. బానెట్టు లేకపోయేసరికి అద్దం అవతల ఇంజను నల్లగా, నగ్నంగా కనబడుతోంది. పదహారేళ్లు తోలాడు, ఎన్నోసార్లు బానెట్టు ఎత్తాడు. కాని లాగుతున్న ఇంజనును సీట్లోంచి ఒక్కసారీ చూడలేదు. క్లచ్ సగం వదిలాడు. యాక్సిలేటరు తొక్కాడు.

ఇంజను లేచింది.

అంత ఇనుము, నలుగురు మనుషులు కూడా ఎత్తలేని బరువు, ఒక పక్కన బెత్తెడు పైకి లేచి రెండోవైపు ఒరిగింది. బురదలో దిగబడిన బండిని లాగే ఎద్దు మెడ బిగించి ఒక భుజం మీదికి వాలినట్టు వాలింది. పైపులు సాగాయి, తీగలు బిగుసుకున్నాయి. తాను కాలితో అణిచేది ఒక రేకుముక్కను కాదు, ఇంతటి బలాన్ని. ఇన్నేళ్లు దీని వెనక కూర్చుని, దీని ముఖం చూడకుండా తోలాడు.

"ఇప్పుడు కాలు తియ్యి!" అరిచింది ఎస్తేరు.

తీశాడు. పెడలు లేవలేదు. ఓబులేసు దాని వంక చూశాడు. కాలు గాల్లో ఉంది, పెడలు నేలకు కరుచుకుని ఉంది. ఇంజను గర్జిస్తూనే ఉంది, ఒరిగే ఉంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు. ఇన్ని రోజులకు తన మాట నిజమని చూసిన మనిషి ఒకరు దొరికారు.

"క్లచ్చి తొక్కు!"

తొక్కాడు. ఇంజను ఒక్క కేక పెట్టి దబ్బున కింద కూర్చుంది. పెడలు టక్కున లేచింది.

మళ్లీ చేయించింది. ఇంకోసారి చేయించింది. మూడోసారికి ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంజను ఆపించి, అతన్ని పిలిచి, మసివేలితో ఒకచోట చూపించింది. పంపు దాకా పోయే ఇనుపకడ్డీ, దాని పక్కనే బండి బాడీకి బిగించిన ఇనుప పట్టీ అంచు. ఆ అంచు మీద గ్రీజు కింద గోటి వెడల్పున ఇనుము కొత్త రూపాయిలా మెరుస్తోంది.

"సూడు. ఇంజను ఒరిగితే ఈ కడ్డీ వంకర పోయి ఈడ తగులుకుంటాంది. తగులుకుంటే ఆయిలు తగ్గదు. ఆయిలు తగ్గకపోతే ఇంజను లాగతానే ఉంటాది. లాగినంతసేపూ ఒరిగే ఉంటాది. ఒరిగినంతసేపూ కడ్డీ వదలదు. దాన్ని అదే పట్టుకుంటాందప్పా. నువ్వు క్లచ్చి తొక్కితే బరువు పోయి కూచుంటాది, కడ్డీ ఊడొస్తాది. ఇంగ మెకానిక్కుకు ఏం కనపడతాది?"

ఆమె మాటలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని చుట్టూ తిరిగి మొదటికే వచ్చాయి. సన్నపు కడ్డీ, ఇనుప అంచు, అంత ఇంజను, అన్నీ కలిసి ఆడుతున్న ఆట. ఆమె దాన్ని కంటితో చూడకముందే, ఒక్క క్లచ్ మాటతో పట్టేసింది.

"అది ఎందుకు ఒరుగుతాందక్కా?"

ఎస్తేరు గడ్డపార తెచ్చి ఇంజను కింద పెట్టి కొంచెం ఎత్తింది. ఇంజను బరువును మోసే రబ్బరు దిమ్మె అడ్డంగా రెండుగా విడిపోయి ఉంది. గడ్డపార తీయగానే పైముక్క కిందిముక్క మీద కూర్చుంది. అతుకు కూడా కనబడలేదు.

"ఇంజను దీని మీద కూచున్నంతసేపు తెగిందని తెల్దు. మా ఆయన ఉన్నప్పుడు ఈ మిల్లు ఇంజను అడుగు బోల్టు ఒకటి ఇట్లే తెగిండె. నిలబెట్టి సూస్తే అంతా బాగుండె. నడిచేటప్పుడు నేను పక్కన చెయ్యి పెట్టి సూస్తే, అప్పుడు తెలిసె."

మిల్లులో పాత బెల్టు ముక్కలు ఉన్నాయి, వేలు మందాన గట్టిగా. ఎస్తేరు వాటిని కత్తితో కోసి నాలుగు పొరలు పేర్చింది, మధ్యలో రంధ్రం కాల్చి పెద్ద బోల్టు దూర్చి బిగించింది. ఓబులేసు స్పానరు అందించడం తప్ప ఏమీ చేయలేదు. అయ్యాక మళ్లీ పరీక్ష పెట్టారు. ఇంజను వణికింది గాని లేవలేదు. కాలు తీసినప్పుడల్లా పెడలు కాలివెంటే వచ్చింది.

"ఎక్కక్కా," అన్నాడు ఓబులేసు. "గట్టు ఎక్కించి సూద్దాం."

ఎస్తేరు వెనక్కి తగ్గింది. ఆమె ఎప్పుడూ కారు ఎక్కలేదు. చీర కుచ్చెళ్లు దులుపుకుని, మసి అంటుతుందేమోనని సీటు అంచున కూర్చుంది. బానెట్టు లేకుండానే ఓబులేసు బండిని కాలువ గట్టు మీదికి ఎక్కించాడు. ఇంజను లాగింది, కుదురుగా. ఎస్తేరు కాలువ వైపు గాని, పొలాల వైపు గాని తల తిప్పలేదు. అద్దం మీదికి వంగి, పరుగెత్తుతున్న ఇంజనునే చూస్తూ ఉంది.

"మా ఇంజను పుట్టినకాడినుంచి ఆ మిల్లు గుంతలోనే నిలబడి ఉండాదప్పా," అంది చివరికి మెల్లగా. "ఇది పోతాంది సూడు. పని చేస్తా, పోతా ఉంది."

మర్నాడు నంద్యాలలో సంజీవయ్య ఆ బెల్టు ముక్కల దిమ్మె ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఓబులేసు చెప్పింది మొత్తం విన్నాడు. గేరు వేసి తొక్కించి, ఇంజను పక్కన అరచెయ్యి పెట్టాడు. ఆ మెరిసే అంచును వేలితో తడిమాడు.

"ఇది నేను రెండుసార్లు సూసినా," అన్నాడు. "సూసి, తుడిచేసినా."

మహానందయ్య దుకాణానికి తానే నడిచి వెళ్లి, తప్పు ఓబులేసు కాలిది కాదని, తన కంటిదని చెప్పాడు. మహానందయ్య బయటికి వచ్చి ఓబులేసు భుజం మీద చెయ్యి వేశాడు.

కొత్త రబ్బరు దిమ్మె వచ్చి బిగించాక, "నాకు ఆమెను చూపియ్యన్నా," అని అడిగాడు సంజీవయ్య.

ఆ వారంలోనే ఇద్దరూ ఆళ్లగడ్డ పోయారు. మిల్లు నడుస్తోంది. ఎస్తేరు ఇంజను పక్కన నిలబడి, ఒక చెయ్యి దాని ఒంటి మీద ఆనించి ఉంది. వాళ్లను చూసి, ఆగమని రెండో చెయ్యి ఎత్తింది. ఇంకా పది బస్తాల బుడ్డలు వలవాలి. నంద్యాలలో తన షెడ్డు ముందు అందరినీ నిలబెట్టే సంజీవయ్య, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆ పొట్టు దుమ్ములో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఆమె చెయ్యి ఇంజను మీద ఎక్కడ ఉందో చూస్తూ.