ఆకీ చెట్టు మూల

కొండవాలున కోసిన గినీ గడ్డి మోపును జెల్మా పెరట్లో దింపేసరికి ఎండ ఇంకా గోడ ఎక్కలేదు. తలమీది చుట్టకుదురు తీసి నడుముకు దోపుకుంది. మెడ తిప్పితే ఎముకలు కటకటమన్నాయి. యాభై దాటిన మెడ అది. కుదురు ఆనే చోట జుట్టు పలచబడి చర్మం మెరుస్తోంది. ముంజేతుల నిండా గడ్డి అంచులు కోసిన సన్నటి గీతలు.

మోపు విప్పి గింజ పట్టిన కంకులు ఏరి పారేసింది. గింజతో పరిస్తే కలుపును చేజేతులా నాటుకున్నట్టే. మిగిలిన గడ్డిని ఉల్లికాడల సాళ్ళ మధ్య వత్తుగా పరుస్తూ పోయింది. సెయింట్ ఎలిజబెత్ జిల్లాలో ఈ దక్షిణపు వైపు వాన ముఖం చూపించి పోతుంది, అంతే. తడి నిలవాలంటే ఎర్రమట్టి కంటికి కనబడకూడదు.

కిటికీ గట్టు మీద కర్ర టకటకలాడింది.

"ఏమే జెల్మా! ఆ ఆకీ చెట్టు మూల చూశావా? గుడ్డ లేకుండా నిలబడ్డట్టుంది నేల. ప్రభువు చూస్తున్నాడే!"

"చూడనీండి మిస్ అడాసా. చూస్తాడు గానీ మోపు మోయడుగా."

"నోటికేం తక్కువ లేదు. చేతికే వచ్చింది రోగం."

మిస్ అడాసా ఆమె అత్త. తుంటి విరిగిన నాటి నుంచి కిటికీ పక్క మంచమే ఆమెకు ఊరూ, గుడీ. ఆ కర్ర మిస్ అడాసాకు తన అత్త నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆమెనూ దాంతోనే పిలిచేవారట.

ఈ ఇంట్లో నేలను కప్పడం సేద్యం కాదు, భక్తి. జెల్మా మొగుడు ఆస్టన్ మొరేవియన్ చర్చి సంఘపెద్ద. కోతల పండుగ నాడు తన పెరటి పుచ్చకాయను చర్చిలో బల్లమీద పెట్టి చెబుతాడు: తోటలోంచి వెళ్ళగొట్టేముందు కూడా దేవుడు ఆ మొదటి జంటకు ఒంటిమీద కప్పిచ్చి పంపాడు. తవ్వకండి, కెలకకండి. కప్పండి, నమ్మండి. కింద పని ఆయన చేసుకుంటాడు. జనం ఆమెన్ అంటారు. వెనక వరసలో జెల్మా కూడా అంటుంది. చిక్కేమిటంటే, ఆమె నిజంగానే నమ్ముతుంది. పాత గడ్డి ఎత్తి చూస్తే ఎర్రమట్టి నల్లబడి, వేళ్ళ మధ్య వానపాములు కదులుతుంటాయి. ఆ మట్టిని పిడికిట పట్టి చూసుకుంటుంది. కానీ కప్పు కింద పడ్డ ప్రతి గింజా మొలవదు. కొన్ని పాలిపోయి అక్కడే కుళ్ళిపోతాయి. ఆ మాట బల్ల దగ్గర ఎవరూ చెప్పరు.

ఈ సాయంత్రం చెల్లెలు మెర్లీన్ వ్యాన్ వేసుకొస్తుంది. సముద్రం ఒడ్డున వేయించిన చేపల కొట్టు పెట్టింది. వంటకు మనిషి కావాలి, ఉండడానికి గది ఉంది. "ఈసారీ రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటానక్కా" అని తేల్చి చెప్పింది. ఇదివరకు పిలిచినప్పుడు టొమాటో నారు అడ్డొచ్చింది, ఆ తర్వాత అత్త తుంటి. మంచం కింద సంచి సర్దే ఉంది.

మధ్యాహ్నం ఉప్పుచేప, ఉడికించిన పచ్చి అరటికాయ మొగుడి ముందు పెట్టి అంది, "సాయంత్రం వెళ్తున్నాను."

"ఎవరొద్దన్నారు? అమ్మను ఎవరు పక్కకు తిప్పుతారో చెప్పి వెళ్ళు."

"నీకూ చేతులున్నాయి."

"నాకు సంఘం ఉంది." ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "ఓపిక పట్టు జెల్మా. గడ్డి కింద విత్తనం తొందరపడుతుందా?"

"ఇన్నేళ్ళు పడితే దాన్ని విత్తనం అనరు, రాయి అంటారు."

అతను నవ్వి మంచినీళ్ళు అడిగాడు.

ముసలామెకు మొక్కజొన్న జావ తాగించి, మూతి తుడిచి, పక్కకు తిప్పింది జెల్మా.

"పోతావుటే?"

"పోతాను."

"మంచిదే. ఆ మూల కప్పేసి పో. బోసినేల వదిలి పోకూడదు." ఇంటి కప్పు వైపు చూస్తూ అంది మిస్ అడాసా, "నేనూ ఒకసారి బయల్దేరాను. అప్పుడూ ఏదో మూల మిగిలింది."

జెల్మా కొండెక్కి మరో మోపు తెచ్చింది. ఆకీ చెట్టు కింద పరచడం మొదలుపెట్టింది. సగం అయ్యాక అలవాటుగా చేయి ఆగింది. టకటక లేదు.

"చూడండి మిస్ అడాసా, కప్పుతున్నాను. ఇప్పుడైనా మెచ్చుకోండి."

కిటికీ దగ్గరికి వెళ్ళింది. ముసలామె కళ్ళు సగం తెరుచుకుని ఆ మూలనే చూస్తున్నాయి. కర్ర ఇంకా పిడికిట్లోనే ఉంది. జెల్మా లోపలికొచ్చి కళ్ళు మూసింది. వేలాడుతున్న దవడకు కట్టడానికి గుడ్డ దొరక్క, నడుమున ఉన్న చుట్టకుదురు విప్పి ఆ పేలికతోనే కట్టింది. తెల్ల దుప్పటి గడ్డం దాకా లాగి, ఆస్టన్‌ను పిలిచింది.

పొద్దువాలేవేళకు గేటు దగ్గర వ్యాన్ మోగింది. మెర్లీన్ లోపలికొచ్చి, చూసి, మంచం పక్కన కూలబడింది.

"భూస్థాపన అయ్యాక వస్తావా అక్కా?"

"భూస్థాపన దాకా రాత్రుళ్ళు పాటలకు ఊరంతా వస్తారు. వండాలి కదా" అన్నాడు ఆస్టన్ గుమ్మంలోంచి.

మెర్లీన్ అతని వైపు చూడలేదు. "నిన్నే అడిగానక్కా."

జెల్మా ముంజేతుల మీది గీతలు చూసుకుంది. "వేరే మనిషిని చూసుకో మెర్లీన్."

వ్యాన్ వెళ్ళిపోయాక మళ్ళీ ఆకీ చెట్టు కిందికి వెళ్ళింది. మిగిలిన సగం మోపు పరిచింది. వెనక్కి జరిగి చూస్తే వేరు పక్కన అరచేయంత ఎర్రగా కనబడింది. ఎవరూ చెప్పకుండానే వంగి దాన్నీ కప్పింది.

లోపలికొచ్చేసరికి ఆస్టన్ కిటికీ పక్కకు జెల్మా కుర్చీ జరిపి, దానికి ఆనించి పెట్టాడు, పిడి దగ్గర నున్నబడి, కొన దగ్గర అరిగిన ఆ కర్రను.